భద్రత లేదని పని ఆపితే నేరమా?

కార్మిక చట్టాలపై పాఠకుల ప్రశ్నలకు గోదావరిఖని న్యాయవాది జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా పనిచోట ప్రాణభయం గురించే ఉన్నాయి. అందుకే పీఎఫ్, గ్రాట్యుటీ ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేశాను. వాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడం, మా ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక రసాయన ఫ్యాక్టరీలో కాంట్రాక్టు హెల్పర్. డ్రయర్ దగ్గర డ్యూటీ. మిషన్ ఎప్పటికంటే ఎక్కువ వేడెక్కుతోందని, మాడు వాసన వస్తోందని వారం రోజులుగా సూపర్‌వైజర్‌కు చెప్తున్నారు. "ఆర్డర్ పోనీ, తర్వాత చూద్దాం" అంటున్నాడట. షిఫ్టులో అందరూ కలిసి పని ఆపుదామనుకున్నారు. కాంట్రాక్టర్ వచ్చి, "కొత్త చట్టం వచ్చింది, నోటీసు లేకుండా ఆపితే జైలే" అన్నాడు. పాశమైలారం పేలుడు తర్వాత ఆయన నైట్ షిఫ్టుకు వెళ్తే నాకు నిద్ర ఉండటం లేదు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, ఇస్నాపూర్

జవాబు: అమ్మా, చట్టం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇవాళే ఒక కాగితం రాయండి. వారం రోజులుగా నోటితో చెప్తున్నారు కదా, నోటిమాటకు సాక్ష్యం ఉండదు. రేపు "మాకెవరూ చెప్పలేదు" అని సూపర్‌వైజర్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ఇలా రాయండి: "ఫలానా తేదీ, బి షిఫ్టులో, ఫలానా నంబరు డ్రయర్ దగ్గర రాత్రి ఫలానా టైంకు మాడు వాసన వచ్చింది. టెంపరేచర్ మీటరు ఇంత చూపించింది. సూపర్‌వైజర్‌కు చెప్పాం. మిషన్ ఆపలేదు. ఇక్కడ పనిచేస్తే ప్రాణాలకు ముప్పు ఉందని భయపడుతున్నాం. వెంటనే పరీక్ష చేయించండి." కింద షిఫ్టులో ఎంతమంది ఒప్పుకుంటే అంతమంది సంతకాలు. ఒకటి మేనేజర్‌కు, ఒకటి కాంట్రాక్టర్‌కు, ఒకటి అదే రోజు మీ జిల్లా ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు. స్పీడ్‌పోస్టులో పంపి రసీదులు మీ దగ్గర పెట్టుకోండి. వాట్సాప్‌లో కూడా ఫొటో పంపండి, రెండు నీలం టిక్కులు పడ్డాక స్క్రీన్‌షాట్ తీయండి. తిట్టు, వెటకారం ఒక్కటీ ఉండకూడదు. అంకెలు, తేదీలు చాలు.

ఇప్పుడు చట్టం. పాత ఫ్యాక్టరీల చట్టంలో 41-హెచ్ అనే సెక్షన్ ఉండేది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలో తక్షణ ముప్పు ఉందని కార్మికుడికి అనిపిస్తే మేనేజర్‌కూ ఇన్‌స్పెక్టర్‌కూ ఒకేసారి చెప్పవచ్చు అనేది దాని సారాంశం. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో భద్రతకు సంబంధించిన కోడ్ 14వ సెక్షన్ ఇదే హక్కును ఫ్యాక్టరీలకే కాకుండా మిగతా పనిచోట్లకూ ఇచ్చింది. మీరు చెప్పింది నిజమని యజమాని ఒప్పుకుంటే వెంటనే సరిచేయించి ఇన్‌స్పెక్టర్‌కు రిపోర్టు పంపాలి. ఒప్పుకోకపోయినా చేతులు దులుపుకోవడానికి లేదు, విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కు పంపి తీరాలి. తుది మాట ఇన్‌స్పెక్టర్‌దే. మీ కాగితం మేనేజర్ టేబుల్ మీద పడిన క్షణం నుంచి బాధ్యత ఆయనది. ఆయనకు భయం పుట్టేది దానికే.

కాంట్రాక్టర్ చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. ఇంతకు ముందు, సమ్మెకు ముందు ఆరు వారాల లోపు నోటీసు ఇవ్వాలన్న షరతు విద్యుత్తు, రవాణా లాంటి ప్రజోపయోగ సేవలకే ఉండేది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ 62వ సెక్షన్ ఆరు వారాలను 60 రోజులు చేసి, ఆ షరతును అన్ని పరిశ్రమలకూ తెచ్చింది. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి. నోటీసు ఇవ్వగానే లేబర్ అధికారి రాజీ చర్చలు మొదలుపెడతాడు, అవి నడుస్తున్నంతకాలం, ముగిశాక ఇంకో 7 రోజులు సమ్మె చేయకూడదు. సగం మంది కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. చట్టవిరుద్ధ సమ్మెకు వెయ్యి నుంచి పదివేల దాకా జరిమానా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ.

జీతం పెంచమని అడిగేవాళ్లు 14 రోజులు ఆగగలరు. మాడు వాసన వస్తున్న డ్రయర్ ఆగుతుందా? ఈ ప్రశ్న చట్టం రాసినవాళ్లు వేసుకోలేదు. ప్రమాదం గురించి "చెప్పే" హక్కు స్పష్టంగా ఇచ్చారు, "నేను ఆ గదిలోకి పోను" అనే హక్కును మాత్రం అంత స్పష్టంగా రాయలేదు. నా అభిప్రాయంలో ఇది మన చట్టంలో అన్నింటికంటే పెద్ద లోటు.

అందుకని మీ ఆయన వాళ్లకు నా సలహా ఇది: గేటు బయట కూర్చోవద్దు. డ్యూటీకి వెళ్లండి, మస్టర్ (హాజరు) వేయించుకోండి. "ఆ డ్రయర్ పరీక్ష అయ్యేదాకా దాని దగ్గరకు పోము, వేరే ఏ పని చెప్పినా చేస్తాం" అని రాసివ్వండి. అప్పుడు దాన్ని సమ్మె అనడం యాజమాన్యానికి అంత సులభం కాదు.

ఇలాంటి కేసు ఒకటి నేను చూశాను. ఒక మందుల కంపెనీలో మురుగునీటి ట్యాంకులోకి దిగమంటే నలుగురు దిగలేదు. గ్యాస్ టెస్ట్ చేయలేదని, బెల్టు, తాడు ఇవ్వలేదని వాళ్ల వాదన. మర్నాడు "చట్టవిరుద్ధ సమ్మె" అని నలుగురినీ తీసేశారు. వాళ్లలో ఒక కుర్రాడు షిఫ్టు లాగ్‌బుక్‌లో పెన్నుతో రాశాడు: "10.40కి ట్యాంక్ క్లీనింగ్ చెప్పారు. గ్యాస్ మీటర్ అడిగాం. లేదన్నారు. పంపు హౌస్ పని చేస్తున్నాం." ఫోన్లో ఫొటో కూడా తీసుకున్నాడు. లేబర్ ఆఫీసులో చర్చలకు కూర్చున్నప్పుడు ఆ పేజీ ముందు పెట్టాను. "పంపు హౌస్ పని చేస్తున్నాం" అన్న మాటే కేసును నిలబెట్టింది, పని మానలేదు కాబట్టి. పర్మనెంట్ కార్మికులు ఇద్దరినీ తిరిగి తీసుకున్నారు. కాంట్రాక్టు వాళ్లిద్దరికీ డబ్బు ఇచ్చి పంపారు, ఉద్యోగం ఇవ్వలేదు. ఈ సంగతి దాచి మీకు ధైర్యం చెప్పలేను. కాంట్రాక్టు కార్మికుడు నోరు తెరిస్తే పోగొట్టుకునేది ఎక్కువ. అందుకే సంతకాలు ఒక్కరివి కాకుండా షిఫ్టు మొత్తానివి ఉండాలి, వీలైతే పర్మనెంట్ వాళ్లవి పైన ఉండాలి.

ప్రశ్న: మా క్లాసులో ఒక చర్చ వచ్చింది. సమ్మెలన్నీ జీతాలు, బోనస్‌ల కోసమే జరుగుతాయని, భద్రతా చట్టాలు ప్రభుత్వాలే తమంతట తాము తెచ్చాయని ఒక మిత్రుడు అన్నాడు. సమ్మె వల్ల భద్రతా చట్టం వచ్చిన సందర్భం ఒక్కటైనా ఉందా?
— పీజీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఉంది. బొగ్గుబాయి కార్మికుడి బిడ్డగా నేను ఎన్నిసార్లు చదివినా విసుగు రాని చరిత్ర అది.

1968 నవంబర్ 20 తెల్లవారుజామున అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం ఫార్మింగ్టన్ దగ్గర ఒక బొగ్గు గని పేలింది. లోపల 99 మంది ఉన్నారు. 21 మంది బయటపడ్డారు, 78 మంది చనిపోయారు. పది రోజుల తర్వాత మంటలు ఆరడానికి గని మూతులు మూసేశారు. 19 మంది శవాలు దొరకనే లేదు. రాష్ట్ర గవర్నర్, ఇది ప్రమాదాలున్న వృత్తి, ఒప్పుకోక తప్పదన్నట్టు మాట్లాడాడు. కార్మికుల సొంత యూనియన్ అధ్యక్షుడు టోనీ బాయిల్ ఆ గని దగ్గరే నిలబడి కంపెనీ భద్రతను మెచ్చుకున్నాడు.

ఆ కోపం చల్లారకముందే ముగ్గురు డాక్టర్లు, బఫ్, రాస్‌ముసెన్, వెల్స్, గని ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. బొగ్గు ధూళి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో మీటింగులు పెట్టి చెప్పారు. వెల్స్ అయితే చనిపోయిన కార్మికుడి ఎండిన ఊపిరితిత్తి ముక్కను చేతిలో నలిపి పొడి రాల్చి చూపించేవాడు. అప్పటిదాకా కంపెనీ డాక్టర్లు ఆ దగ్గును ఆస్తమా అనో, సిగరెట్ల వల్ల అనో పంపేసేవాళ్లు.

1969 ఫిబ్రవరి 18న ఈస్ట్ గల్ఫ్ గనిలో ఒక కార్మికుడు తన డబ్బాలోని తాగే నీళ్లు నేల మీద పారబోశాడు. అక్కడి గనుల్లో అది పాత సంకేతం. నీళ్లు లేకుండా ఎవరూ లోపలికి దిగరు కాబట్టి, పారబోస్తే ఇవాళ పని లేదని అర్థం. కొద్ది రోజుల్లో రాష్ట్రమంతా పాకింది. 40,000 మంది పని ఆపారు. యూనియన్ నాయకత్వం పనిలోకి పొమ్మంది, పోలేదు. ఒప్పందం ప్రకారం అది అనుమతి లేని సమ్మె. వాళ్లు జీతం పైసా పెంచమనలేదు. ధూళి వల్ల వచ్చే జబ్బుకు పరిహారం ఇచ్చే చట్టం కావాలన్నారు, రాజధాని చార్లెస్టన్‌కు ఊరేగింపుగా వెళ్లారు. మార్చి 8న చట్టసభ బిల్లు పాస్ చేసింది. అయినా గనుల్లోకి దిగలేదు. గవర్నర్ ఆర్చ్ మూర్ మార్చి 11న సంతకం పెట్టాకే దిగారు. అదే ఏడాది డిసెంబర్ 30న దేశం మొత్తానికి వర్తించే గనుల ఆరోగ్య భద్రతా చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేయాల్సి వచ్చింది. అంతకుముందు ఆయన సంతకం చేయడేమోనన్న అనుమానం వస్తే వెయ్యి మందికి పైగా కార్మికులు మళ్లీ పని ఆపారు. ఆ చట్టంతోనే గాలిలో ధూళికి దేశవ్యాప్త పరిమితి వచ్చింది. ప్రతి భూగర్భ గనికీ ఏడాదికి నాలుగు తనిఖీలు తప్పనిసరి అయ్యాయి.

మా నాన్న కోల్‌ఫిల్లర్. టబ్బులు నింపడమే పని. రిటైరయ్యాక పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ధూళికి ఒక పరిమితి ఉండటం, దాన్ని కొలిచే మనిషి రావడం ఎందుకు చిన్న విషయం కాదో ఆ దగ్గు విన్న ఇళ్లకు తెలుసు.

ఇంకొకటి కెనడాలోది. 1974లో అంటారియో రాష్ట్రంలోని ఎలియట్ లేక్ యురేనియం గని కార్మికులు సుమారు వెయ్యి మంది పని ఆపారు. తమ ఊపిరితిత్తుల జబ్బుల లెక్కలను ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఫ్రాన్స్‌లో ఒక సదస్సులో చదివిందని, తమకు మాత్రం చెప్పలేదని అప్పుడే తెలిసింది వాళ్లకు. అదీ అనుమతి లేని సమ్మే. అక్కడి ప్రభుత్వం జేమ్స్ హామ్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 1976లో నివేదిక వచ్చింది, 1979లో చట్టం అమలైంది. ప్రమాదం గురించి తెలుసుకునే హక్కు, భద్రతా కమిటీలో కూర్చునే హక్కు, ప్రమాదకరమైన పని నిరాకరించే హక్కు మూడూ అందులో ఉన్నాయి. పై ప్రశ్నలో ఇస్నాపూర్ చెల్లెలికి మన చట్టం ఇవ్వనిది ఆ మూడోదే.

అన్ని ప్రభుత్వాలూ ఇలా వింటాయని అనుకోవద్దు. 2014 మే 13న టర్కీలోని సోమా గనిలో 301 మంది చనిపోయారు. రెండు రోజుల తర్వాత కార్మిక సంఘాలు దేశవ్యాప్త సమ్మె చేశాయి. ప్రధాని ఎర్డోగాన్ 19వ శతాబ్దపు ఇంగ్లండ్ ప్రమాదాలను ఉదాహరణగా చెప్పి, ఇవి ఈ పనిలో ఉండేవే అన్నాడు. నిరసనకారుల మీద వాటర్ క్యానన్లు, టియర్ గ్యాస్ ప్రయోగించారు. పోలీసులు కింద పడేసి పట్టుకున్న ఒక నిరసనకారుణ్ని ప్రధాని సలహాదారు కాలితో తన్నుతున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. అయినా మరుసటి ఏడాదే టర్కీ గనుల భద్రతపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 176వ ఒప్పందాన్ని ఆమోదించింది.

ఇక మన దగ్గర. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో విషవాయువుకు 12 మంది, 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఎసెన్షియాలో 17 మంది, 2025 జూన్‌లో పాశమైలారం సిగాచీలో ఆచూకీ దొరకనివాళ్లతో కలిపి 54 మంది చనిపోయారు. మూడు చోట్లా వరుస ఒకటే: ముఖ్యమంత్రి రాక, కోటి రూపాయల ప్రకటన, విచారణ కమిటీ. డబ్బు అవసరమే, నేను కాదనను. కానీ ఈ మూడింటిలో ఏదీ వెస్ట్ వర్జీనియాలా చట్టాన్ని కార్మికుడి వైపు ఒక్క అడుగు జరపలేదు. అక్కడ 40,000 మంది కలిసి దిగకుండా నిలబడ్డారు. మన పారిశ్రామిక వాడల్లో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన పిల్లలు పదిమంది కాంట్రాక్టర్ల కింద విడివిడిగా ఉన్నారు. పక్క యూనిట్‌లో ఎవరు పనిచేస్తున్నారో కూడా వాళ్లకు తెలియదు. మీ క్లాసులో చర్చించాల్సింది ఇది.

ప్రశ్న: నేను ప్రభుత్వాసుపత్రిలో జూనియర్ డాక్టర్‌ని. రాత్రి క్యాజువాలిటీలో పేషెంటు బంధువులు మా మీద చేయి చేసుకోవడం మామూలైపోయింది. విధులు బహిష్కరిద్దామంటే ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) పెడతారని సీనియర్లు భయపెడుతున్నారు.
— కర్నూలు

జవాబు: డాక్టర్ గారూ, ఎస్మా నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 1971 నాటి చట్టం ఉంది. 2024 జనవరిలో అంగన్‌వాడీల సమ్మె మీద ప్రయోగించి ఆరు నెలలు నిషేధించారు. వాళ్లు అడిగింది జీతం. అయినా ఆసుపత్రి విషయంలో ప్రభుత్వం ఇంకా త్వరగా ఆ ఆయుధం తీస్తుందనే అనుకోండి.

కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్‌పై అత్యాచారం, హత్య సంఘటన తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. 2024 ఆగస్టు 9 తర్వాత దేశమంతా ఓపీలు ఆగాయి. వారం తిరిగేలోపు, ఆసుపత్రిలో దాడి జరిగితే 6 గంటల్లోగా సంస్థ అధిపతే ఎఫ్ఐఆర్ పెట్టించాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆగస్టు 20న సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. సెప్టెంబర్ 9న, మర్నాటి సాయంత్రం 5 గంటలకల్లా విధుల్లో చేరమని బెంగాల్ జూనియర్లకు గడువు కూడా పెట్టింది. వాళ్లు చేరలేదు. కోల్‌కతా పోలీస్ కమిషనర్‌ను మార్చాకే, ఎమర్జెన్సీ సేవల్లో మొదట చేరారు. ఇన్ని రోజులు నిలబడగలిగారంటే సీనియర్ డాక్టర్లు ఎమర్జెన్సీని నడపడం వల్లే. రోగి చనిపోతే ప్రజలు మీ వైపు ఉండరు, కోర్టూ ఉండదు.

మీరు ఆ ఉత్తర్వును వాడుకోండి. ప్రతి దాడికీ 6 గంటల లోపు సూపరింటెండెంట్‌కు లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. ఎఫ్ఐఆర్ పెట్టకపోతే ఆ సంగతీ రాయండి. ఆసుపత్రుల మీద దాడులకు శిక్ష వేసే రాష్ట్ర చట్టం 2008 నుంచే ఉంది, దాని కిందే కేసు కట్టమని అడగండి. డిమాండ్లు "రక్షణ కావాలి" అని కాకుండా రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా క్యాజువాలిటీ గేటు దగ్గర ఎంతమంది గార్డులు, డ్యూటీ రూముకు లోపలి గడియ, పేషెంటుకు ఇద్దరే అటెండర్లు, ఏ తేదీలోగా అని రాయండి. తేదీ లేని డిమాండ్‌కు తేదీ లేని హామీయే వస్తుంది.

ప్రశ్న: ప్రమాదంలో మా అన్న చనిపోయాడు. ప్రకటించిన ఎక్స్‌గ్రేషియాలో కొంతే వచ్చింది. మిగతాది ఎవరిని అడగాలి?
— అనకాపల్లి జిల్లా

జవాబు: తమ్ముడూ, ప్రకటన కోసం ఎదురుచూస్తూ చట్టం ఇచ్చేదాన్ని వదులుకోకండి. మీ అన్నకు ఈఎస్ఐ ఉంటే వదినకు, పిల్లలకు నెలనెలా డిపెండెంట్ పెన్షన్ రావాలి. ఈఎస్ఐ లేకపోతే ఉద్యోగుల పరిహారం కింద కార్మికశాఖలో క్లెయిమ్ వేయాలి. రెండూ కలిపి రావు. ఎక్స్‌గ్రేషియా వచ్చినా ఈ హక్కు పోదు, కాబట్టి "అన్ని బాకీలూ తీరాయి" అని రాసున్న కాగితం మీద వదిన సంతకం పెట్టకుండా చూడండి. యజమాని తప్పిదం వల్ల చావు జరిగిందని కోర్టు తేల్చితే, భద్రతా కోడ్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. క్రిమినల్ కేసు ఏ దశలో ఉందో పోలీస్ స్టేషన్‌లో అడిగి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. ఆలస్యం మాత్రం చేయకండి, క్లెయిమ్‌కు గడువు ఉంటుంది.

ప్రశ్న: సింగరేణి భూగర్భ గనిలో పనిచేస్తున్నాను. పిట్ సేఫ్టీ కమిటీ మీటింగులో పైకప్పు గురించి చెప్తే, మినిట్స్‌లో మా మాట ఎక్కడం లేదు. సమ్మె నోటీసు ఇమ్మని కుర్రాళ్లు అంటున్నారు.
— శ్రీరాంపూర్

జవాబు: అన్నా, 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. 2021 నవంబర్‌లో మీ శ్రీరాంపూర్‌లోనే ఎస్ఆర్‌పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు పోయారు. పైకప్పు గురించి మీ భయం ఊరికే పుట్టింది కాదు.

నోటీసు వద్దనను. కానీ దానికంటే త్వరగా పనిచేసేది మీ చేతిలోనే ఉంది. గనిలో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, కార్మికుల తరఫున తనిఖీ చేసే మనిషి. ఆయన్ను ఆ పైకప్పు ఉన్నచోటికి తీసుకెళ్లి, చూసింది ఆయన రిజిస్టర్‌లో రాయించండి. ఆ రాతకు మేనేజర్ ఏం చర్య తీసుకున్నాడో అందులోనే రాయాలి. తక్షణ ముప్పు అనిపిస్తే గనుల భద్రతా డైరెక్టరేట్‌కు ఆయన నేరుగా తెలియజేయవచ్చు. ప్రమాదం ఉన్నచోట పని ఆపేయమని ఆదేశించే అధికారం ఆ డైరెక్టరేట్‌కు ఉంది. వాళ్లు ఆపితే అది సమ్మె కాదు, మీ మస్టర్‌కు ఢోకా లేదు.

మినిట్స్‌లో ఎక్కించకపోతే మీటింగు అయిన రోజే మీ మాటను విడి కాగితం మీద రాసి మేనేజర్ ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. కుర్రాళ్ల చేత కూడా సంతకాలు పెట్టించండి. ఇన్‌వర్డ్ వేయనంటే నాకు ఫొటో పంపండి, హైదరాబాద్‌లోని డైరెక్టరేట్ కార్యాలయానికి ఏం రాయాలో నేను తయారుచేసి ఇస్తాను. ఫీజు అక్కర్లేదు.